ఉరుము వినపడితే మా బుజ్జమ్మ దేవుడి గదిలో దూరుతోంది, ఏం చేయాలో చెప్పండి (తిరుపతి)

బుజ్జమ్మ వాళ్ళక్క

అందరికీ నమస్తే. మాది తిరుపతి, బైరాగిపట్టెడ. మా ఇంట్లో ఒక నాటు కుక్క ఉంది, పేరు బుజ్జమ్మ, ఆరేళ్ళు దాటింది. మామూలు రోజుల్లో అయితే మహా గడుసుది, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయిని గేటు దాటనివ్వదు, కోతులొచ్చాయంటే మేడ మీదకెక్కి అన్నిట్నీ తరిమిందాకా అన్నం ముట్టదు. అలాంటిది వానొస్తా ఉందంటే చాలు మనిషే మారిపోతోంది.

ఇంకా మనకి మబ్బు కూడా సరిగ్గా కనపడకముందే మొదలవుతుంది, నాలుక బయట పెట్టి రొప్పడం, సొల్లు కార్చడం, వంటింట్లోంచి హాల్లోకి హాల్లోంచి వంటింట్లోకి తిరగడం. ఒక్క ఉరుము వినపడిందా, నేరుగా దేవుడి గదే. అక్కడ బియ్యం డబ్బాకీ గోడకీ మధ్య జానెడు సందు ఉంటుంది, అందులోకి వెనక్కి వెనక్కి నడుచుకుంటా తోక ముందు పెట్టి దూరి, తల ఒక్కటి బయట పెట్టి కూర్చుంటుంది. లాగితే రాదు, బిస్కెట్ చూపిస్తే మొహం తిప్పేసుకుంటుంది, చికెన్ పెట్టినా అంతే. మొన్న దూరే హడావుడిలో దీపం కుంది పడేసింది, నూనంతా నేల పాలు, అమ్మ కోపం చూడాలి. స్నానం చేయకుండా మమ్మల్నే ఆ గది గడప తొక్కనివ్వదు, ఇంక కుక్కని రానిస్తుందా. తలుపేస్తే గోళ్ళతో గీకుతుంది, కింద చెక్కంతా లేచిపోయింది.

చిన్నప్పుడు ఇలా లేదు, పోయిన సంవత్సరం నుంచే ఇది. ఇప్పుడు దీపావళి దగ్గరికొస్తోంది, అల్పపీడనం అని ఫోన్లో రోజూ మెసేజులు, ఇంక నవంబరు డిసెంబరు మన ఊర్లో ఎలా ఉంటుందో తెలుసు కదా. ఒళ్ళో పెట్టుకుని నిమిరితే భయం ఇంకా అలవాటైపోతుందని కొందరంటున్నారు, నిజమేనా? మెడికల్ షాపు అన్న ఏదో నిద్రమాత్ర సగం ఇవ్వమంటున్నాడు, ఇవ్వొచ్చా? ఇంకొకటి, ముసురు పట్టినప్పుడు బయటకి పోసుకోడానికి కూడా పోదు, రాత్రంతా బిగబట్టుకుంటుంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మామిడితోట మామ

అమ్మా, మాది పాకాల పక్కన. తోటలో మూడు కుక్కలుండాయి, ఒక్కదానికీ ఈ సోకులు లేవు. ఉరిమితే పంపుసెట్టు గదిలోకి పోయి పడుకుంటాయి, వాన నిలిస్తే అవే వస్తాయి. మీ టౌనోళ్ళు ఒళ్ళో కూర్చోబెట్టుకుని అయ్యో అమ్మా అని బుజ్జగిస్తా ఉంటే అది ఇంకా మొండికేస్తాది. పట్టించుకోకుండా వదిలేస్తే నాలుగు రోజులకి సరిపోతాది.

కానీ ఒకటి చెప్తా, అది మాత్రం గట్టిగా వినండి. గాలివాన వచ్చేటప్పుడు గొలుసుతో కట్టేయొద్దు, అందులోనూ చెట్టు కింద అసలొద్దు. మాకు ఏప్రిల్ మే నెలల్లో కాయ పక్వానికొచ్చే టయానికే సాయంత్రం పూట దడదడా వస్తాది గాలివాన, తోతాపురి కాయలు సగం నేల రాల్తాయి, ఆ టయంలో చెట్టు కింద మనిషే నిలబడకూడదు, ఇంక ఇనప గొలుసుతో కుక్కని కట్టేస్తే దాని గతేంది. ఇనప కంచెకి కట్టేసినా అంతే. మా పక్క తోటాయన కుక్క ఒకటి ఉరుముకి బెదిరి గొలుసు తెంపుకుని పోయి రెండు ఊర్ల అవతల దొరికింది, అదీ మెడపట్టీ మీద ఫోన్ నంబరు రాసుండబట్టి. మీరు కూడా పట్టీ మీద నంబరు రాయించండి, వానాకాలంలో బెదిరి పారిపోయే కుక్కలు ఎన్నో.

వెట్ కాలేజీ ఇంటర్న్

అక్కా, నేను ఇక్కడే తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉన్నా. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మామ చెప్పిన దాని గురించి. గొలుసు విషయం, ఫోన్ నంబరు విషయం నూటికి నూరుపాళ్ళు నిజం. పట్టించుకోకుండా వదిలేయమనడం మాత్రం కాదు. భయం అనేది కుక్క తెలివిగా చేసే పని కాదు, బిస్కెట్ కోసం కూర్చోమంటే కూర్చోడం లాంటిది కాదు. పని అయితే బహుమతి ఇస్తే పెరుగుతుంది, భయానికి బహుమతి ఇవ్వడం అంటూ ఏమీ లేదు. ఉరుముకి వణికిపోతున్న కుక్క పక్కన కూర్చుని నెమ్మదిగా నిమిరితే దాని భయం పెరగదు, చాలా కుక్కలకి తగ్గుతుంది కూడా. కాకపోతే మీరు గాభరా పడకూడదు, అయ్యో అయ్యో అని గొంతు పెంచి దాని మొహం మీద పడిపోతే మీ గాభరా దానికి అంటుకుంటుంది. ఇంకోటి, అదే దూరంగా పోయి దాక్కోవాలనుకుంటే బలవంతంగా లాక్కొచ్చి ఒళ్ళో పెట్టుకోవద్దు. వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి. అరవడం కొట్టడం అసలొద్దు, ఉరుముకి తోడు మీరంటే కూడా భయం పట్టుకుంటుంది.

మబ్బు కనపడకముందే ఎలా తెలుస్తుందంటే, మనం 20 వేల హెర్ట్జ్ దాకా వింటే కుక్క దాదాపు 45 వేల దాకా వింటుంది, మనకి వినపడని సన్నటి చప్పుళ్ళు కూడా దూరం నుంచే పట్టేస్తుంది. గాలి పీడనం పడిపోవడం, వాన వాసన, గాలి తిరగడం, వెలుతురు తగ్గడం అన్నీ కలిపి దానికి ముందే తెలిసిపోతాయి. కొన్నాళ్ళకి ఈ గుర్తులన్నీ ఉరుముతో జతపడిపోతాయి, అప్పుడు ఉరుము లేని ఉత్త మబ్బుకి కూడా వణుకు మొదలు. మీ బుజ్జమ్మ ఇప్పుడు ఆ దశలో ఉన్నట్టుంది. అందుకే వదిలేస్తే తగ్గదు, ప్రతి సీజన్‌కీ ఇంకొంచెం పెరుగుతుంది. చికెన్ కూడా ముట్టట్లేదన్నారు చూడండి, అది మొండితనం కాదు, భయం బాగా ముదిరినప్పుడు కుక్క తిండి తినదు.

ఇప్పుడు దేవుడి గది. నవ్వుకోకండి గానీ బుజ్జమ్మ చాలా తెలివైన ఎంపిక చేసుకుంది. మన ఇళ్ళల్లో దేవుడి గది ఎలా ఉంటుంది? చిన్నది, మధ్యలో ఉంటుంది, కిటికీ ఉండదు, మెరుపు కనపడదు, చప్పుడు తగ్గుతుంది, మూడు పక్కలా గోడలు. దానికి కావాల్సింది భక్తి కాదు, ఆ సందు. అలాంటి సందు ఇంకోచోట ఇవ్వండి. మెట్ల కింద స్టోరు ఉందా? లేకపోతే లోపలి గదిలో మంచం కింద, మూడు వైపులా మందపాటి దుప్పట్లు వేలాడదీసి ఒక వైపు వదలండి. బాత్రూమ్ లోపలి వైపుంటే అది కూడా పనికొస్తుంది, చాలా కుక్కలు వాటంతటవే అక్కడికి పోతాయి. ముఖ్యమైనది ఏంటంటే ఆ చోటు ఎండ కాసే రోజుల్లోనే అలవాటు చేయాలి, అక్కడే తిండి, అక్కడే ఎముక, మీరు రెండు రోజులు కట్టుకున్న పాత చీర ఉతక్కుండా అక్కడ పరచండి. వానొచ్చిన రోజే తీసుకుపోయి అందులో పెడితే అది జైలు అనుకుంటుంది. తలుపు కూడా వేయొద్దు, వేస్తే గీకి గోళ్ళు ఊడగొట్టుకున్న కేసులు మా ఆస్పత్రిలో చూశా. అంతవరకు అమ్మగారితో మాట్లాడి ఆ కుంది ఒక్కటి పైన అరలోకి మార్పించండి, మంట దగ్గర కుక్క అంటే అది వేరే ప్రమాదం.

చివరగా ఒక ప్రశ్న. ఐదేళ్ళు లేని భయం పోయిన సంవత్సరమే ఎందుకొచ్చింది? మెట్లెక్కేటప్పుడు ఆగుతుందా, లేచేటప్పుడు కుంటుతుందా, సోఫా మీదకి ఎగరడం మానేసిందా? వయసొచ్చాక కొత్తగా చప్పుళ్ళకి భయపడే కుక్కల్లో కొన్నిటికి కీళ్ళ నొప్పో వెన్ను నొప్పో ఉంటుంది, ఉలిక్కిపడ్డప్పుడల్లా ఒళ్ళు బిగుసుకుని నొప్పి పుడుతుంది, దాంతో చప్పుడంటేనే హడలు. ఇది చూసుకోకుండా ఎన్ని దుప్పట్లు కట్టినా లాభం లేదు.

చెప్పులు కొరికేది మా వాడే

మాది ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు, లాబ్రడార్. మా వాడికి ఉరుము కంటే ఇన్వర్టర్ బీప్ అంటే హడల్, కరెంటు పోగానే అది కీ కీ అని అరుస్తుంది కదా, దానికి వీడు ఉచ్చ పోసేస్తాడు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అలారం ఆపించాం, సగం గోల పోయింది. మీ ఇంట్లో కూడా చూడండి, మనం ఉరుము అనుకుంటాం గానీ ఒక్కోసారి రేకుల షెడ్డు మీద వాన చప్పుడో కిటికీ తలుపు దబదబా కొట్టుకోడమో కారణం.

మేం చేసేది ఏంటంటే మబ్బు పట్టగానే కిటికీలన్నీ మూసి కర్టెన్లు దించి లైట్లేసేస్తాం, లైటు వెలుగులో మెరుపు అంత కొట్టొచ్చినట్టు కనపడదు. టేబుల్ ఫ్యాను ఫుల్ స్పీడు, దాని పక్కనే టీవీ, మా అత్తగారు ఎస్వీబీసీ పెట్టి సౌండు పెంచుతారు, వీడు దాని ముందు పడుకుంటాడు. ఏ పాటైనా పర్లేదు, ఒకే తీరుగా సాగేది అయితే మంచిది, సినిమా ఫైట్లు మాత్రం పెట్టకండి.

గుడ్డ చుట్టడం కూడా పనిచేసింది మాకు. పాత కాటన్ చున్నీ తీసుకుని ఛాతీ ముందు నుంచి వేసి వీపు మీదకి తెచ్చి పొట్ట కింద నుంచి తిప్పి నడుం పక్కన ముడి, మెడకి తగలకూడదు, రెండు వేళ్ళు దూరేంత వదులుండాలి. ఊపిరి ఆడకుండా బిగించేసి ఫోటోలు పెట్టేవాళ్ళని చూశా, అది కాదు పద్ధతి. అన్ని కుక్కలకీ పనిచేయదు, మా పిన్ని వాళ్ళ పొమేరియన్ చున్నీ చూస్తేనే పరిగెత్తుతుంది.

ఇంక పోసుకోడం సంగతి. ఇది ముసురులో పెద్ద తలనొప్పి, ఎక్కువసేపు బిగబట్టుకుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. మేం వాన రాని గంట చూసుకుని తీసుకుపోతాం, అల్పపీడనం వానైనా మధ్యలో ఒక పావుగంట తెరిపిస్తుంది, అప్పుడు స్నానం గీనం అనకుండా పరిగెత్తాలి. అదీ కాకపోతే కింద పార్కింగ్‌లో ఒక మూల ఇసక పోసిన పాత టబ్బు పెట్టాం. అసోసియేషన్ వాళ్ళు మొదట గొడవ చేశారు, రోజూ మేమే ఎత్తి పోస్తామన్నాక ఊరుకున్నారు. మీది ఇండివిడ్యువల్ ఇల్లు అయితే ఇంకా సులువు, సన్‌షేడ్ కింద ఒక మూల చాలు. పెద్ద గొడుగు పట్టుకుని పక్కన నడిస్తే వచ్చే కుక్కలూ ఉన్నాయి, కాకపోతే ఆ గొడుగు టప్పుమని దాని ముందే తెరవకండి.

వచ్చాక కాళ్ళు తుడవడం మర్చిపోవద్దు. పైపైన కాదు, ఒక్కో వేలి సందు విప్పి పొడి తువ్వాలుతో. తడి అక్కడే ఉండిపోతే సందులు ఎర్రగా పాసిపోయి రాత్రంతా నాక్కుంటా ఉంటుంది, నాకే కొద్దీ పుండు. మా వాడికి చెవులు వేలాడతాయి కాబట్టి చెవి మడత కూడా ఎత్తి తుడుస్తాం, ఇయర్ బడ్స్ మాత్రం లోపలికి పెట్టం.

మామిడితోట మామ

ఇంటర్న్ అబ్బాయా అమ్మాయా తెలీదు గానీ బాగా చెప్పావు. నేను చెప్పింది మా తోట కుక్కల గురించి, వాటికి పోవడానికి చోటుంది. పంపుసెట్టు గది మీరు చెప్పిన సందు లాంటిదే కదా, కిటికీ కూడా లేదు. ఒళ్ళో పెట్టుకునే దానికి మాత్రం నేను ఇంకా ఒప్పుకోను.

వాన తగ్గినాక పాములు సంగతి కూడా చెప్పండప్పా. బొక్కల్లో నీళ్ళు చేరితే బయటకొస్తాయి, చెప్పుల స్టాండు కింద, కట్టెల మోపులో దూరుంటాయి. కుక్క ముక్కు పెట్టి చూడకుండా ఉండదు. వాన వెలిసిన రాత్రి టార్చి లేకుండా దాన్ని దొడ్లోకి వదలొద్దు.

బుజ్జమ్మ వాళ్ళక్క

ఇంటర్న్ గారూ, మీరు అడిగాక గమనించాను, నిజంగానే మెట్ల దగ్గర ఆగుతోంది! కోతుల కోసం మేడెక్కేటప్పుడు రెండో మలుపు దగ్గర నిలబడి అక్కడి నుంచే అరుస్తోంది, వయసు మీద పడింది అనుకున్నాం. రేపు తీసుకొస్తాం. నిద్రమాత్ర సంగతి మాత్రం చెప్పలేదు మీరు.

వెట్ కాలేజీ ఇంటర్న్

అవునక్కా, అది వేరేగా రాద్దామని ఆపాను. ఇంట్లో మనుషుల కోసం ఉన్న మాత్ర ఏదీ ఇవ్వకండి, సగమైనా పావైనా. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి ఒంటి నొప్పికి కదా అని వేసేస్తుంటారు, కుక్కకి అవి విషంతో సమానం, లివరు, కిడ్నీలు, పేగులు దెబ్బతింటాయి. కొందరు అలర్జీ మాత్ర వేసి మత్తుగా పడుకోబెడతారు, మత్తు వేరు భయం తగ్గడం వేరు. పాతకాలంలో వాడే ఏస్‌ప్రొమజీన్ అని ఒక మందుంది, అది ఒంటరిగా వేస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది, చూసేవాళ్ళకి ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల భయం భయంగానే ఉంటుంది, ఇంకా చప్పుళ్ళకి ఎక్కువ ఉలిక్కిపడుతుంది కూడా. అది ఉరుముల భయానికి సరైన మందు కాదు.

సరైన మందులు ఉన్నాయి. ట్రాజోడోన్, గాబాపెంటిన్, ఆల్ప్రజోలం లాంటివి డాక్టర్లు రాస్తారు, ఇవన్నీ మనుషుల మందుల షాపులో దొరికేవే, కాబట్టే అసలు తలనొప్పి. బరువుని బట్టి, గుండె లివరు కిడ్నీ చూసి డోసు వేయాలి, వేరే మందులు వాడుతుంటే కలవకూడనివి ఉంటాయి. గాబాపెంటిన్ సిరప్ రూపంలో మనుషులకి అమ్మే వాటిలో కొన్నిట్లో జైలిటాల్ అనే తీపి కలుపుతారు, అది కుక్కకి ప్రాణం మీదకి తెస్తుంది. అందుకే చీటీ లేకుండా కొనొద్దు. వణుకు లేకుండా కాస్త రొప్పి ఊరుకునే కుక్కకి మందు అక్కర్లేదు, బుజ్జమ్మలాగా తిండి మానేసి తలుపులు గీకే దానికి మాత్రం ఇవ్వకపోవడమే అన్యాయం, అది రోజూ ఆ నరకం పడాల్సిన పని లేదు.

ఈ మందులు ఎక్కువ భాగం గంటన్నర రెండు గంటల ముందు ఇస్తేనే పనిచేస్తాయి. వణుకు మొదలయ్యాక వేస్తే సగమే లాభం. మరి వానొస్తుందని ముందే ఎలా తెలుస్తుందంటారా, పిడుగుల కోసం దామిని అనే యాప్ ఉంది, 20, 40 కిలోమీటర్ల దూరంలో పిడుగులు పడుతుంటే చూపిస్తుంది, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వాళ్ళ మెసేజులు కూడా మండలం పేరుతో సహా వస్తాయి. మన దగ్గర ఏప్రిల్ మే గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే, పొద్దున ఉక్కపోతగా ఉండి మెసేజ్ వచ్చిందంటే మధ్యాహ్నం అన్నంతో పాటే మాత్ర. నవంబరు వాయుగుండం అలా కాదు, ఉరుములు తక్కువ, గాలీ జల్లూ రెండు మూడు రోజులు ఆగదు, దానికి మాత్ర కంటే మీరు చేసిన సందు, ఆట, పొడి చోటు ఎక్కువ అవసరం. వాన రోజు నడక పోయినట్టే కాబట్టి ఇంట్లోనే రాగి సంగటి ముద్దలు చిన్నచిన్నవి చేసి గదుల్లో దాచి వెతకమనండి, ముక్కుకి పని పెడితే కుక్క అలసిపోతుంది.

ఫోన్లో ఉరుముల శబ్దం పెట్టి అలవాటు చేయడం గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి నేనే చెప్తున్నా. అది ఇప్పుడు మొదలుపెట్టొద్దు. రోజూ నిజం ఉరుములు వినపడుతుంటే ఈ అలవాటంతా తుడిచిపెట్టుకుపోతుంది. జనవరి నుంచి మార్చి దాకా మన ఊరు పొడిగా ఉంటుంది, అప్పుడు, చెవి దగ్గర పెడితే తప్ప మీకే వినపడనంత సన్నగా మొదలుపెట్టి, ఆ శబ్దం వస్తున్నంతసేపు దానికి ఇష్టమైంది తినిపిస్తా, వారాల మీద కొంచెం కొంచెం పెంచాలి. తినడం ఆపిందంటే సౌండు ఎక్కువైనట్టు.

స్వర్ణముఖి పక్కన

ఇంట్లో కుక్కల గురించే మాట్లాడుతున్నారు, వీధి కుక్కల గురించి కూడా నాలుగు ముక్కలు. మాది తిరుచానూరు వైపు. 2021 నవంబర్ 18, 19 తేదీలు ఇక్కడున్నవాళ్ళు ఎవరూ మర్చిపోరు, కొండ మీద నుంచి నీళ్ళు దూకి కపిలతీర్థం పొంగి, ఘాట్ రోడ్లు మూసేసి, పల్లపు కాలనీల్లో ఇళ్ళల్లోకి నీళ్ళు, అది తగ్గకముందే రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని ఊర్లు ఖాళీ చేయించారు. అప్పుడు వీధి కుక్కలు ఏదో ఒక మెట్లెక్కి మేడల మీద నిలబడ్డాయి. ఇబ్బందిపడ్డవి ఇళ్ళల్లో కట్టేసినవి. ఇల్లు వదిలి పోవాల్సొచ్చి కుక్కని తీసుకుపోలేకపోతే కనీసం గొలుసు విప్పి మేడ మీదకి దారి వదలండి. అంతే, ఇంకేం అడగను.

వీధి కుక్కలకి గోనె సంచులు వేసేవాళ్ళకి ఒక మాట, గోనె తడిసిందంటే రెండు రోజులు ఆరదు, దాని మీద పడుకుంటే ఇంకా చలి. కింద రెండు ఇటుకలు పెట్టి ఒక చెక్క పలక వేయండి, దాని మీద సిమెంట్ సంచి, ఆ పైన పొడి గుడ్డ. తాగడానికి మంచినీళ్ళు తొట్టెలో పెట్టండి, లేకపోతే రోడ్డు మీద నిలిచిన నీళ్ళే తాగుతాయి. పొద్దున బండి తీసేముందు బానెట్ మీద ఒకసారి తట్టండి, కింద చూడండి, వాన రాత్రి కుక్కపిల్లలు ఇంజిన్ కిందకే చేరతాయి. తడిసిన కరెంటు స్తంభం, స్టే వైరు దగ్గర మీ కుక్కని ఆపకండి, కాలెత్తే అలవాటు దానిది, షాకు కొట్టే అవకాశం ఉంది.

ఇంటర్న్ గారూ, ఎలుకల జ్వరం సంగతి కూడా చెప్పండి.

వెట్ కాలేజీ ఇంటర్న్

లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రం కలిసిన వాననీళ్ళలోంచి వస్తుంది, తాగినా వస్తుంది, కాలి మీద గీరులోంచి కూడా వస్తుంది. జ్వరం, వాంతులు, తిండి మానేయడం, కళ్ళు చిగుళ్ళు పసుపెక్కడం, మూత్రం ముదురు రంగు. కుక్క నుంచి మనకి కూడా అంటుకుంటుంది కాబట్టి అనుమానం వస్తే దాని మూత్రం ఉత్త చేతుల్తో కడగకండి. టీకా ఉంది, ఏటా వేసే కలిపి సూదిలోనే చాలావాటిలో ఉంటుంది, కార్డు తీసి పేరు చూసుకోండి, రేబిస్ సూది ఒక్కటే వేయించి అన్నీ అయిపోయాయనుకునేవాళ్ళు చాలామంది. మొదటిసారైతే రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, తర్వాత ఏటా ఒకటి.

గోమార్లు కూడా చూసుకోండి, తేమకి విపరీతంగా పెరుగుతాయి. చెవి లోపల, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వెతకాలి. వాన తగ్గిన వారం పదిరోజులకి కుక్క నీరసంగా ఉండి తినకపోయినా, చిగుళ్ళు తెల్లబడినా, ముక్కులోంచి రక్తం వచ్చినా రక్తపరీక్షకి తీసుకురండి, రేపు ఎల్లుండి అనొద్దు. పీకిన గోమారిని చేత్తో నలపకండి.

బుజ్జమ్మ వాళ్ళక్క

అప్‌డేట్. డాక్టరు గారు చూశారు, ఎక్స్‌రే తీశారు, ఎడమ తుంటి కీలు అరిగిందట. నొప్పికి మందు మొదలైంది, బరువు కూడా తగ్గించమన్నారు, పెరుగన్నంలో అన్నం సగానికి సగం తగ్గించేశాం, దాని మొహం చూడలేకపోతున్నా. ఉరుములకి వేరే మాత్ర రాసిచ్చారు.

మెట్ల కింద చోటు రెడీ, అమ్మ పాత చీర పరిచాం, పగలంతా అక్కడే పడుకుంటోంది. కానీ నిన్న సాయంత్రం ఉరిమితే లేచి మళ్ళీ దేవుడి గదికే పోయింది! ఇప్పుడు అమ్మ ఏం చేసిందంటే బియ్యం డబ్బానే తీసుకెళ్ళి మెట్ల కింద గోడ పక్కన పెట్టేసింది, ఆ సందు లేకపోతే ఆ గది దానికెందుకు అని. పనిచేస్తుందో లేదో చూడాలి. మామా, అమ్మ మీ పక్షమే, ఒళ్ళో పెట్టుకోవద్దంటుంది, పెట్టుకునేది మాత్రం తనే.

ఒక డౌట్, మాత్ర మొదటిసారి వాన రోజే వేయాలా?

వెట్ కాలేజీ ఇంటర్న్

వద్దక్కా. ఎండ కాసే రోజు, మీరు ఇంట్లో ఉండే ఆదివారం చూసుకుని ఒకసారి వేయండి. ఎంతసేపటికి పట్టింది, తూలుతోందా, ఎన్ని గంటలుంది రాసిపెట్టుకోండి. కొన్నిటికి ఈ మాత్రలు తిరగబడి ఇంకా హుషారు చేస్తాయి, అది దీపావళి రాత్రి తెలిస్తే చేసేదేం లేదు. తుంటి నొప్పి అన్నారు కాబట్టి ఆ రోజు మెట్లకి అడ్డంగా ఏదైనా పెట్టండి, మత్తులో కోతుల వెనక పోకుండా.